రైమ్ మొత్తం వచ్చు, మాట మాత్రం రాదు: చిన్నపిల్లలకు ఇంగ్లిష్ పదాలు నేర్పడం ఎలా?

ఆదోని, ఎమ్మిగనూరు: ఇంటికి చుట్టాలొస్తే ఎల్‌కేజీ చదివే పిల్లను ముందు నిలబెట్టి "ఒక రైమ్ చెప్పు బేటా" అనడం ఇప్పుడు మన ఇళ్లలో మామూలే. పిల్ల తల, భుజాలు, మోకాళ్లు ముట్టుకుంటూ గుక్క తిప్పుకోకుండా పాడేస్తుంది. అందరూ మాషా అల్లాహ్ అంటారు. కట్టిన ఫీజు వృథా పోలేదని అబ్బాకు తృప్తి. అయితే పాట అయిపోయాక అదే పిల్లను "షోల్డర్ ఏది, చూపించు" అని విడిగా అడిగి చూడండి. చాలామంది పిల్లలు తికమక పడతారు. కొందరు పాటను మళ్లీ మొదటి నుంచి లోపల పాడుకుంటూ వచ్చి, ఆ మాట దగ్గరికి చేరాకే చెయ్యి పెడతారు. అంటే పాట వచ్చింది, మాట ఇంకా రాలేదు.

ఇది పిల్ల తప్పు కాదు. నేర్పే పద్ధతిలో ఒక మెట్టు తప్పిపోయింది, అంతే. నర్సరీ రైమ్స్‌తో మాటలు నేర్పవచ్చు, బాగా నేర్పవచ్చు. దానికి రైమ్ ఎంచుకోవడం దగ్గర్నుంచి, వచ్చిందా లేదా చూసుకోవడం దాకా కొన్ని పనులు చేయాలి. ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులు కూడా వీటిలో చాలావరకు ఇంట్లో చేయగలరు.

పాటతో పాఠం మనకు కొత్త కాదు

నర్సరీ రైమ్స్ అంటే ఇంగ్లండ్ ఇళ్లలో తల్లులు, దాదులు పిల్లలను ఆడించడానికి పాడుకున్న పాటలు. 1744 ప్రాంతంలో లండన్‌లో అచ్చయిన "టామీ థంబ్స్ ప్రెటీ సాంగ్ బుక్" వీటి తొలి సంకలనాల్లో ఒకటి. నల్ల గొర్రె పాట అప్పటికే అందులో ఉంది. చుక్కల పాటకు మూలం జేన్ టేలర్ 1806లో రాసిన "ది స్టార్" అనే కవిత. దానికి ఐదు చరణాలున్నా మన పిల్లలకు వచ్చేది మొదటిదే. అయోనా, పీటర్ ఓపీ దంపతులు ఈ పాటల చరిత్రలు వెతికి 1951లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుగా తెచ్చారు.

ఈ పాటలు పుట్టింది పరాయి దేశంలోనే అయినా, పాడుతూ నేర్పే పద్ధతి ఈ నేలకు పాతదే. ఆదోని ఒకప్పుడు బీజాపూర్ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. ఇక్కడి జామియా మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ ఆ రాజ్యపు సర్దారే. బీజాపూర్ సూఫీలు దక్కనీలో చక్కీనామా, చర్ఖానామా అనే పాటలు కట్టారు. ఆడవాళ్లు తిరగలి విసురుతూ, రాట్నం వడుకుతూ వాటిని పాడుకునేవారు. ఆ పాటల ద్వారా దీన్ మాటలు ఇళ్లలోకి వెళ్లాయని చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1978లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు. ఆ పాటల్లో ఒక కిటుకు ఉంది. తిరగలి పిడి, రాయి, గింజ, రాట్నం, నూలు, ఇవన్నీ పాడే మనిషి చేతిలోనే ఉండేవి. మాటకూ వస్తువుకూ మధ్య దూరం లేదు. ఇంగ్లిష్ రైమ్ చెప్పేటప్పుడు మనం పోగొట్టుకుంటున్నది సరిగ్గా దీన్నే.

ఉర్దూలో ఇస్మాయిల్ మేరఠీ (1844-1917) పిల్లల కోసం ఆవు మీద, వాన మీద, చుట్టూ కనిపించే వాటి మీద తేలిక మాటల్లో కవితలు రాసి వాచకాలుగా ఇచ్చారు. తెలుగులో చందమామ పాటలు, గుర్రం పాటలు, వాన పాటలు ఇంటింటా ఉన్నవే. కాబట్టి పాటతో నేర్చుకోవడం మన పిల్లలకు అలవాటైన దారి. అలవాటు లేనిది భాష ఒక్కటే.

ఒక పిల్ల చెవిలో ఎన్ని భాషలు?

పశ్చిమ కర్నూలు పిల్లల పరిస్థితి హైదరాబాద్ పిల్లలకంటే వేరు. ముస్లిం ఇళ్లలో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, కర్ణాటక సరిహద్దు దగ్గర కావడంతో సంతలో, బంధువుల్లో కన్నడ. అసర్ తర్వాత మక్తబ్‌లో అరబీ ఖాయిదా. వీటి మీద బడిలో ఇంగ్లిష్. నాలుగేళ్ల పిల్ల ఇన్నింటినీ కలగలిపి మోస్తుంది. ఇది భారం అనుకోవడం పొరపాటు. ఇన్ని భాషలు వినే చెవికి కొత్త ధ్వని పట్టుకోవడం అలవాటైన పనే.

ఏ ఇంటి భాష ఏ ధ్వనికి సాయపడుతుంది, ఏది అడ్డుపడుతుంది అన్నది టీచరుకు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఉర్దూ ఇంటి పిల్లలకు "జూ", "జీబ్రా"లో ఉండే ధ్వని తేలిగ్గా వస్తుంది, ఎందుకంటే జమీన్, నమాజ్ అనేటప్పుడు అదే ధ్వని పలుకుతారు. తెలుగు ఇంటి పిల్లలు దాన్ని మామూలు "జ"గా పలుకుతారు, మన లిపిలో దానికి విడి అక్షరమే లేదు. మరోవైపు ఉర్దూ నాలుక "స్కూల్"ను ఇస్కూల్, "స్టార్"ను ఇస్టార్ చేస్తుంది. తెలుగు పిల్లలు మొదట్లో తడబడరు గానీ చివర్లో అచ్చు కలుపుతారు: బస్సు, కారు, స్టారు. రైమ్‌లో అసలు అందం పంక్తి చివరి ధ్వనులు కలవడంలోనే ఉంది. చివర "ఉ" చేరితే ఆ కలయిక కాస్త మసకబారుతుంది.

రెండు ఇళ్ల పిల్లలకూ కష్టమైనది "వ" ధ్వని. ఇంగ్లిష్‌లో "వ్యాన్"లో పై పళ్లు కింది పెదవికి తగలాలి, "వాటర్", "వూల్"లో పెదవులు గుండ్రంగా ముడవాలి. తెలుగులోనూ ఉర్దూలోనూ ఉన్నది ఒకే వ. ఇక ఇద్దరికీ తేలికైనది కూడా ఒకటుంది. గొర్రెను చెప్పే "షీప్", ఓడను చెప్పే "షిప్" మధ్య తేడా హ్రస్వ, దీర్ఘాలతో పట్టేయొచ్చు, మన భాషలన్నిటిలో ఆ తేడా ఉంది కాబట్టి.

పలుకు దిద్దడానికి పిల్లను ఆపి, నలుగురిలో తప్పు పట్టనవసరం లేదు. టీచరు అదే మాటను సరిగా, నెమ్మదిగా మరోసారి అంటే చాలు. ఇస్టార్ అన్నందుకు నవ్వులపాలైన పిల్ల మరుసటి రోజు నోరు విప్పదు.

ఇప్పుడెందుకు ఇంత అవసరం?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో 1 నుంచి 6 తరగతుల వరకు ఇంగ్లిష్ మీడియం చేస్తూ జీవో 85 ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉండే ద్విభాషా పుస్తకాలు కూడా ఆ కాలంలోనే వచ్చాయి. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం వీలైనచోట కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలంటోంది. విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంత వరకు మాతృభాషే మాధ్యమంగా ఉండాలని చెబుతుంది.

మీడియం వాదన ఎటు తేలినా తల్లిదండ్రుల మనసు తెలిసిందే. పత్తి మిల్లులో హమాలీ చేసే తండ్రి, మగ్గం మీద కూలికి నేసే తండ్రి కూడా అప్పు చేసైనా పిల్లను "కాన్వెంటు"కు పంపాలని చూస్తున్నారు. వాళ్లకు ఇంగ్లిష్ చదువు కొలిచే కొలబద్ద రైమే. నెలకో రైమ్ వస్తే బడి మంచిది. బళ్లు కూడా అందుకే వార్షికోత్సవానికి రైమ్స్ బాగా తోమిస్తాయి. కొలబద్ద తప్పయితే కొనుగోలు కూడా తప్పవుతుంది. 2వ తరగతికి వచ్చేసరికి పుస్తకంలో మాటలు తెలియక పిల్ల వెనకబడుతుంది. అప్పుడు "తెలివి లేదు" అనే మాట పడేది పిల్ల మీదే.

రైమ్ ఏం చేస్తుంది, ఏం చేయదు?

ఇంగ్లండ్‌లో బ్రయంట్, బ్రాడ్లీ తదితర పరిశోధకులు 64 మంది పిల్లలను సుమారు మూడేళ్ల నాలుగు నెలల వయసు నుంచి ఆరేళ్ల మూడు నెలల దాకా గమనించి 1989లో ఫలితాలు ప్రచురించారు. చిన్నప్పుడు రైమ్స్ ఎక్కువ తెలిసిన పిల్లలకు మాటల్లోని ధ్వనులను విడదీసి గుర్తించే నేర్పు పెరిగిందని, అది తర్వాత చదవడానికి ఉపయోగపడిందని వాళ్లు చూపారు. ఒకేలా ముగిసే మాటలు చెవికి తెలిసిన పిల్ల, అక్షరాలు చూసినప్పుడు వాటి నమూనా త్వరగా పడుతుంది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఆ పిల్లలు ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలు. గొర్రె, ఉన్ని, సంచి అనే మాటలు వాళ్లకు రైమ్ కంటే ముందే వంటింట్లో, వీధిలో తెలుసు. రైమ్ వాళ్లకు ధ్వనిని నేర్పింది, అర్థాన్ని ఇల్లు ముందే నేర్పేసింది. మన పిల్లలకు ఆ ఇల్లు లేదు. కాబట్టి అర్థం నేర్పే పని ఇక్కడ టీచరూ, అమ్మీ కలిసి చేయాలి. ఆ పని చేయకుండా రైమ్ ఒక్కటే అప్పజెప్పిస్తే ధ్వని మిగులుతుంది, మాట మిగలదు.

మక్తబ్ ఉదాహరణ ఇక్కడ చాలామందికి తడుతుంది. పిల్లలు సూరాలు ముందు కంఠస్థం చేసి, అర్థం తర్వాత నేర్చుకుంటారు కదా అని. నిజమే, మన పిల్లల జ్ఞాపకశక్తికి అదే సాక్ష్యం. కానీ అక్కడ తిలావత్ దానంతటదే ఇబాదత్. ఇంగ్లిష్ మాట నేర్చేది నలుగురితో మాట్లాడడానికి, పుస్తకం చదవడానికి. వాడుకలోకి రాని మాటకు అక్కడ విలువ లేదు.

ఏ రైమ్ తీసుకోవాలి?

పుస్తకంలో వరుసగా ఉన్నాయని వరుసగా చెప్పనక్కర్లేదు. మూడు విషయాలు చూసుకుంటే సరిపోతుంది. చూపించగల వస్తువులు ఉన్నాయా? చేసి చూపగల పనులు ఉన్నాయా? ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుందా? మూడూ ఉన్న రైమ్ ముందు, లేనిది వెనక.

శరీర భాగాల రైమ్ అందుకే మొదటి స్థానంలో ఉంటుంది. వస్తువులన్నీ పిల్ల ఒంటి మీదే ఉన్నాయి, కొనే పని లేదు. మాట వింటూ ఒంటితో ఆ పని చేస్తే బాగా నిలుస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో ఒక బోధనా పద్ధతే తయారు చేశారు. బస్సు చక్రాల పాట కూడా ఇక్కడ పనికొస్తుంది. డ్రైవర్, హారన్, వైపర్, డోర్ అనే మాటలు ఆర్టీసీ బస్సెక్కిన ప్రతి పిల్లకూ ముందే తెలుసు. తెలిసిన మాటలు ఎక్కువ ఉన్నచోట తెలియని రెండు మూడు మాటలు తేలిగ్గా అతుక్కుంటాయి.

నల్ల గొర్రె పాట ఈ ప్రాంతానికి బాగా దగ్గర. గొర్రెల మందలు, ఉన్ని, కంబళి ఇక్కడి పల్లెల్లో పిల్లలు రోజూ చూసేవే. ఒక కంబళి ముక్క తెచ్చి చేతికిస్తే "వూల్" అనే మాట మళ్లీ చెప్పనక్కర్లేదు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఎమ్మిగనూరులో పిల్లలు "మరి పత్తిని ఏమంటారు, నూలునేమంటారు?" అని అడగకుండా ఉండరు. అడిగితే అదృష్టమే. కాటన్, త్రెడ్, క్లాత్ అనే మూడు మాటలు రైమ్‌లో లేకపోయినా అదే పూట నేర్పేయొచ్చు.

చుక్కల పాటలోని "డైమండ్" కూడా ఇక్కడి పిల్లలకు కథలో మాట కాదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతకడం జిల్లా అంతా ఎరిగినదే.

కొండెక్కి నీళ్లకెళ్లే జాక్, జిల్ పాట విషయంలో జాగ్రత్త కావాలి. ఆదోని కోట కొండలు చూపిస్తే "హిల్" అర్థమవుతుంది. నీళ్ల కోసం వెళ్లడమన్నది ఇక్కడి పిల్లలకు వివరించనే అక్కర్లేదు. కానీ అందులో "పెయిల్" అనే మాట ఉంది. పిల్లలకు ముందే తెలిసిన బకెట్ కూడా ఇంగ్లిషే, ఇప్పుడు వాడుకలో ఎక్కువగా ఉన్నదీ అదే. రెండూ ఒకటేనని చెప్పి వదిలేయాలి. ఇక "క్రౌన్" అంటే అక్కడ కిరీటం కాదు, నడినెత్తి. బొమ్మలో కిరీటం వేసి చూపిస్తే పిల్లకు కథే మారిపోతుంది. రెండు మూడు వందల ఏళ్ల నాటి పాటల్లో ఇలాంటి పాత మాటలు చాలా ఉంటాయి. పాటలో పాడనివ్వండి, నేర్పే మాటల జాబితాలో మాత్రం చేర్చకండి.

వానను పొమ్మనే రైమ్ మీద ఇక్కడి పెద్దలకు ఎప్పుడూ ఒక అభ్యంతరం ఉంటుంది. వాన కోసం నమాజ్ చదివే నేల ఇది, పిల్లలతో వానను పొమ్మనిపించడమేమిటని. దానికి కోపం అక్కర్లేదు. "గో" తీసి "కమ్" పెడితే ఒకే పాటలో రెండు వ్యతిరేక పదాలు నేర్పినట్టవుతుంది.

పది రోజుల్లో ఒక రైమ్, ఆరు మాటలు

ఒక రైమ్‌లో ముప్పై మాటలుండొచ్చు. నేర్పాల్సినవి ఆరు చాలు. పది పనిరోజుల లెక్కన ఇలా చేయొచ్చు.

1వ రోజు: పాట వద్దు. ఆరు మాటలకు వస్తువులు, బొమ్మలు, చేష్టలు చూపాలి. ఇంటి భాషలో ఒక్కసారి అర్థం చెప్పాలి. "నో తెలుగు, నో ఉర్దూ" అని బోర్డు పెట్టడం వల్ల ఈ వయసులో లాభం లేదు.

2వ రోజు: టీచరే పాడాలి. పిల్లలు వింటూ చేష్టలు మాత్రం చేయాలి.

3, 4 రోజులు: పంక్తి పంక్తిగా కలిసి పాడాలి. వాద్య సంగీతం ఇష్టపడని ఇళ్లున్నాయి. రైమ్‌కు అది అక్కర్లేదు, చప్పట్లు, బల్ల మీద తాళం చాలు.

5వ రోజు: టీచరు పాడుతూ ఆరు మాటల దగ్గర ఆగాలి. ఖాళీని పిల్లలు నింపాలి.

6, 7 రోజులు: పాట పక్కన పెట్టాలి. బొమ్మలు కలిపేసి ఆట ఆడాలి. "స్టార్ తీసుకురా", "షీప్ దాచు" అనాలి. మాట పాట నుంచి బయటికొచ్చేది ఈ రెండు రోజుల్లోనే. చాలా బళ్లలో లేనిదీ ఇదే.

8వ రోజు: పాటలో ఒక మాట మార్చాలి. గొర్రె బదులు మేక, నలుపు బదులు తెలుపు. పిల్లలు నవ్వుతారు. నవ్వారంటే అర్థమైనట్టే.

9వ రోజు: చిన్న వాక్యం. "దిస్ ఈజ్ మై హ్యాండ్", "ఐ సీ ఎ స్టార్" చాలు.

10వ రోజు: ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. పాత రైమ్స్ మాటలు కూడా కలపాలి.

లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిరోజులు చెబుతుంది. పది రోజులకొకటి చొప్పున 20 విడతలు. నాలుగు పునశ్చరణకు తీసేస్తే 16 రైమ్స్, ఆరేసి మాటలు, మొత్తం 96. ఏడాదికి వంద మాటల లోపేనా అనిపించొచ్చు. ఏ మూల నుంచి అడిగినా చెప్పగల, వాక్యంలో వాడగల వంద మాటలు, అర్థం తెలియని నలభై రైమ్స్ కంటే ఎక్కువ ఆస్తి.

మూడు భాషల్లో మాటలు

రైమ్స్‌లో తరచూ వచ్చే మాటలకు ఇంటి భాషల్లో జోడీలు ఇవి. గోడకు అంటించుకుంటే ఇంట్లో పెద్దలకూ పనికొస్తాయి.

స్టార్: తెలుగులో చుక్క, ఉర్దూలో తారా
స్కై: ఆకాశం, ఆస్మాన్
డైమండ్: వజ్రం, హీరా
షీప్: గొర్రె, భేడ్
వూల్: ఉన్ని, ఊన్
హిల్: కొండ, పహాడ్
వాటర్: నీళ్లు, పానీ
రెయిన్: వాన, బారిష్
స్పైడర్: సాలెపురుగు, మక్డీ
బ్రిడ్జ్: వంతెన, పుల్
షోల్డర్: భుజం, కంధా
నీ: మోకాలు, ఘుట్నా
ఫింగర్: వేలు, ఉంగ్లీ
ఎగ్: గుడ్డు, అండా
బోట్: పడవ, కష్తీ

ఈ జాబితాలో "నీ" దగ్గర తెలుగు పిల్లలు తప్పకుండా ఆగుతారు. వాళ్లకు నీ అంటే నీది. "నీ నీ ఏది?" అని నవ్వులాటగా అడిగితే ఆ తికమకే మాటను గుర్తుండేలా చేస్తుంది.

జంతువుల పాటలో ఇంకో సరదా ఉంది. కోడి తెలుగులో కొక్కొరొకో అంటుంది, ఉర్దూలో కుక్‌డూ కూ, ఇంగ్లిష్‌లో కాక్-అ-డూడుల్-డూ. కూసేది ఒకే కోడి. భాషలు వేరైనా వస్తువు ఒకటేనన్న సంగతి నాలుగేళ్ల పిల్లకు దీనికంటే సులువుగా చెప్పలేం.

మాట వచ్చిందో లేదో తెలిసేదెలా?

మూడు చిన్న పరీక్షలు చాలు. ఒకటి, వరుస తప్పించి అడగాలి. రైమ్‌లో మూడోదిగా వచ్చే మాటను ముందు అడగాలి. పిల్ల మొదటి నుంచి పాడుకుంటే ఆ మాట ఇంకా పాటలోనే ఇరుక్కుని ఉంది. రెండు, చోటు మార్చి అడగాలి. పుస్తకంలోని గొర్రెను కాకుండా వీధిలో పోయే గొర్రెను చూపాలి. మూడు, కొన్నాళ్లు ఆగి అడగాలి. రెండు వారాల తర్వాత కూడా చెబితే అది నిలిచిన మాట.

నిలవకపోతే తిట్టే పని లేదు. ఆ మాట మళ్లీ మొదటి రోజు దగ్గరికి వెళ్తుంది, అంతే. తల్లిదండ్రులు కూడా బడిలో "ఎన్ని రైమ్స్ అయ్యాయి?" అని అడగడం మాని "ఈ నెల ఏ మాటలు నేర్పారు?" అని అడగడం మొదలుపెట్టాలి. అడిగేవాళ్లుంటే చెప్పేవాళ్ల తీరు మారుతుంది.

ఫోన్ నేర్పుతుందా?

చెన్నైలో 2013లో మొదలైన చూచూ టీవీ లాంటి చానెళ్ల రైమ్స్ ఇప్పుడు ప్రతి ఇంట్లో మోగుతున్నాయి. పలుకు, తాళం వినిపించడానికి అవి పనికొస్తాయి, ఇంగ్లిష్ రాని ఇంట్లో మరీనూ. కానీ ఫోన్ పిల్ల వైపు చూడదు, తప్పు పలికితే ఆగదు, అర్థమైందా అని అడగదు. 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పసివాళ్లకు చైనా మాండరిన్ వినిపించి చూసింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన పిల్లలు ఆ ధ్వనులను పట్టుకున్నారు. అదే భాష వీడియోలో, ఆడియోలో విన్న పిల్లలు పట్టుకోలేకపోయారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని సూచించింది. కాబట్టి ఒక వీడియో, ఒక్కసారి, పక్కన పెద్దవాళ్లు కూర్చుని. వీడియో ఆపి "ఇదేంటి?" అని అడిగితే ఫోన్ పాఠమవుతుంది. అన్నం తినిపించడానికి పెట్టి వదిలేస్తే చప్పుడవుతుంది.

ఇంగ్లిష్ రాని అమ్మీ, నానీ ఏం చేయాలి?

చాలా తల్లులు "మాకు రాదు కదా" అని పక్కకు తప్పుకుంటారు. అర్థం చెప్పే పనికి ఇంగ్లిష్ రావాల్సిన అవసరం లేదు. పిల్లే నేర్పుతుంది. "ఈరోజు ఏం మాట చెప్పారు? అదేంటో నాకు చూపించు" అని అడగడం చాలు. పిల్ల టీచరై నానీకి "ఎగ్" నేర్పితే ఆ మాట ఇక పోదు. రొట్టె చేసేటప్పుడు, బట్టలు మడిచేటప్పుడు, వాకిట్లో చుక్కలు చూసేటప్పుడు ఒక్కో మాట పలికిస్తే వేరే టైము కూడా అక్కర్లేదు. అదే సమయంలో నానీ తన లోరీలు, తెలుగు పాటలు మానకూడదు. ఇంటి భాషలో మాటలు ఎంత ఎక్కువగా ఉంటే, ఇంగ్లిష్ మాట వచ్చి కూర్చోవడానికి అంత చోటు ఉంటుంది. "చుక్క" తెలియని పిల్లకు "స్టార్" ఎక్కడ తగిలిద్దాం?

అంగన్‌వాడీలకూ ఇదే వర్తిస్తుంది. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఒక భాగం. అక్కడ కార్యకర్త చేతిలో కందిపప్పు, గుడ్డు, గ్లాసు, ప్లేటు రోజూ ఉంటాయి. వేరే సామగ్రి వచ్చేదాకా ఆగనవసరం లేదు.

సుగ్గికి వెళ్లే పిల్లల సంగతి

ఇప్పటిదాకా చెప్పిన లెక్క ఏడాదంతా బడికొచ్చే పిల్లకు. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం, నందవరం, ఆదోని, ఎమ్మిగనూరు మండలాల్లో ఎన్నో ఇళ్లకు పండగలు దాటాక తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిర్చి కోయడానికి గుంటూరు వైపు, తెలంగాణ వైపు వెళ్తారు, ఉగాది దగ్గరపడ్డాక తిరిగొస్తారు. పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. అయినా నాలుగైదేళ్ల పిల్లను వదిలి వెళ్లే తల్లి తక్కువ. చంకనెత్తుకుని పోతుంది.

నాలుగు నెలలు పోతే సుమారు 80 పనిరోజులు పోయినట్టే. పై లెక్కలో ఎనిమిది రైమ్స్, 48 మాటలు, ఏడాది సంపాదనలో సగం. అంతకుముందు నేర్చినవి కూడా తలుచుకునేవాళ్లు లేక జారిపోతాయి. తిరిగొచ్చిన పిల్ల తరగతిలో కొత్తగా చేరినదానిలా వెనక బెంచీలో కూర్చుంటుంది. మరుసటి ఏడాది బడి మానేయడానికి దారి అక్కడే పడుతుంది.

ఇక్కడ రైమ్‌కున్న ఒక బలం పనికొస్తుంది. దానికి పుస్తకం అక్కర్లేదు, సంచి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. వెళ్లేముందు టీచరు మూడు రైమ్స్, పద్దెనిమిది మాటలు గట్టిగా చేసి పంపితే, అక్కకో అన్నకో వాటిని రోజూ అడిగే పని అప్పజెబితే, తల్లి ఫోన్‌లో టీచరు గొంతుతో ఆ మూడు పాటలు రికార్డు చేసి ఇస్తే, పిల్లతోపాటు బడి కొంతైనా వెళ్తుంది. మిర్చి చేలో "రెడ్", "గ్రీన్" కళ్ల ముందే ఉంటాయి, కల్లం దగ్గర "బ్యాగ్" ఉంటుంది, రాత్రి గుడిసె మీద "స్టార్" ఉంటుంది. తిరిగొచ్చిన రోజు టీచరు కొత్త పాఠం ఎత్తుకోకుండా ముందు ఆ పద్దెనిమిది మాటలే అడగాలి. పిల్లకు తనకూ ఏదో వచ్చునన్న ధైర్యం అక్కడ దొరుకుతుంది.

రైమ్ పాడించడం ఏ బడికైనా సులువే. పాడిన మాటను పిల్ల పాట బయట, బడి బయట, ఊరి బయట కూడా గుర్తుపట్టిందా అన్నదే చూడాలి. ఈసారి చుట్టాలొచ్చినప్పుడు పాట అయ్యాక ఒక్క నిమిషం ఆగి, ఆకాశం వైపు వేలెత్తి "అదేంటి బేటా?" అని అడగండి.